సిస్టరుకు చెప్పింది, నాకు చెప్పలేదు

మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేనొక నర్సును చూసి కుళ్ళుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పాతికేళ్ళు కూడా ఉండవేమో ఆ అమ్మాయికి. రోజూ మైలవరం నుంచి బస్సులో డ్యూటీకి వచ్చేది. మా అమ్మ ఆమెను "నా తల్లే" అని పిలిచేది. నన్ను అలా పిలిచిన గుర్తు నాకు ఒక్కటీ లేదు.

నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ నూజివీడులో నా దగ్గరే ఉంటోంది. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. అమ్మకు షుగరు, రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మొన్న మార్చి నెలాఖరులో విస్సన్నపేట పక్కన మా మామిడితోటలో పచ్చడికాయ కోయిస్తుంటే చూస్తానని వచ్చి, కాలి మీద సొన పడి పొక్కిందంది. మామిడి సొన పడితే ఒళ్ళు పొక్కుతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. కొబ్బరినూనె రాసి ఊరుకున్నాం. తీరా చూస్తే అది సొన కాదు, చెప్పు ఒరుసుకున్న చోట పడిన షుగరు పుండు. కాలికి స్పర్శ తగ్గి అమ్మకే తెలియలేదు. చీము పట్టాక తీసుకెళ్తే డాక్టరుగారు చేర్చుకున్నారు.

అంతకు ముందు శుక్రవారమే ఇంట్లో చెమటలు పట్టి కూలబడిపోయింది. ఎండ అనుకుని పంచదార వేసిన నిమ్మకాయ నీళ్ళు తాగిస్తే లేచి కూర్చుంది. ఆ సంగతి చెప్పగానే డాక్టరుగారు నా వైపు తిరిగి, ఇన్సులిన్ వేశాక తిండి తప్పితే షుగరు పడిపోయి ప్రాణం మీదకు వస్తుందన్నారు. అమ్మా వింది, నేనూ విన్నాను. ఇక అమ్మకు తిండి పెట్టే పూచీ నాదే అనుకున్నాను. తెల్లవారుజామునే లేచి వండి, కారియరు తీసుకుని స్కూలుకు వెళ్ళేముందు వార్డుకు పరుగెత్తేదాన్ని.

ఆ అమ్మాయి మీద నాకు మొదటి రోజే ఒళ్ళు మండింది. అమ్మను చేర్చుకుంటూ ఏవో ప్రశ్నలు అడుగుతోంది. ఏ మందైనా పడదా, నిద్ర పడుతుందా, రోజూ ఎన్నిసార్లు తింటారు. అన్నిటికీ నేను టకటకా చెబుతున్నాను. ఆమె నేను చెప్పిందంతా విని, మళ్ళీ అమ్మ వైపు తిరిగి అవే ప్రశ్నలు అడిగింది.

"నేను చెప్పాను కదండీ ఇప్పుడే," అన్నాను.

"చెప్పారక్కా. అమ్మగారిని కూడా చెప్పనివ్వండి," అంది, నవ్వుతూ. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

కట్టు మార్చేటప్పుడూ అంతే. "ఇప్పుడు విప్పుతున్నానమ్మా. ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఆపేస్తాను," అని చెప్పి గానీ చెయ్యి వేసేది కాదు. అమ్మ మంచం రాడ్డు పట్టుకుని, తన పెళ్ళినాటి కబుర్లు, పాస్టరుగారి ఇంట్లో గొడవలు, బాపులపాడులో ఉన్న చెల్లెలితో మాటలు మానేసిన సంగతి, అన్నీ ఆ పిల్లకు చెప్పేది. పిన్నితో మాటలు లేవన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. పక్కనే నిలబడ్డాను. నా చెయ్యి ఖాళీగానే ఉంది, పట్టుకోవచ్చుగా? ఇంట్లో నేను ఏదడిగినా "ఏం లేదులే" అనే మనిషి ఈవిడేనా అనిపించింది. కన్నకూతురిని గడపలో నిలబెట్టి పరాయి పిల్లను లోపలికి పిలిచినట్టు ఉండేది నాకు.

ఆ వచ్చిన శుక్రవారం పొద్దున గోధుమరవ్వ ఉప్మా తెచ్చి అమ్మ చేతికిచ్చి, గిన్నెలు కడిగే చోట నా గ్లాసు కడుక్కుని వచ్చాను. గిన్నె ఖాళీ అయిపోయింది. ఇంతలో సిస్టరు ఇన్సులిన్ ట్రేతో వచ్చింది.

"తిన్నది. వేసేయండి, నాకు స్కూలుకు టైమవుతోంది," అన్నాను.

ఆమె ట్రే పక్కన పెట్టి స్టూలు లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చుంది. "పొద్దున ఏం తిన్నారమ్మా?"

అమ్మ నా వైపు చూసి తల దించుకుంది.

"ఉప్మా తిన్నదండీ. నేనేమన్నా అబద్ధం చెబుతున్నానా?" అన్నాను. వార్డులో అందరూ మా వైపే చూశారు.

"అక్కా, కొంచెం తాగే నీళ్ళు పట్టుకొస్తారా?" అంది సిస్టరు. నన్ను బయటికి పంపడానికే అని తెలుసు. చిర్రెత్తుకొచ్చినా వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి అమ్మ గ్లూకోజు నీళ్ళు తాగుతోంది. సూది వెయ్యలేదు. వేలికి గుచ్చి చూస్తే షుగరు అప్పటికే తక్కువగా ఉందట. సిస్టరు నన్ను వార్డు బయటికి తీసుకెళ్ళి, అమ్మ చెప్పమన్నాకే చెబుతున్నానంటూ సంగతి చెప్పింది. మా వాళ్ళకు అవి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు. అమ్మ శుక్రవారాలు ఉపవాసం పట్టింది. నా ఉప్మా పక్క మంచం ఆవిడ కడుపులో ఉంది. ఇంట్లో కూలబడింది ఎండకు కాదు, సూది వేసుకుని తినక.

వేసేయండి అన్నది నేనే. ఆమె నా మాట నమ్మి ఉంటే ఆ పూట అమ్మ ఏమయ్యేదో.

అయినా కుళ్ళు పోలేదు, ఇంకా పెరిగింది. "ఉపవాసం దేనికట?" అన్నాను.

"అది నేను చెప్పకూడదక్కా. అమ్మగారినే అడగండి."

అంటే ఈమెకు తెలుసు. నాకు తెలియదు.

డాక్టరుగారు వచ్చి, పుండు మానేదాకా ఉపవాసాలు కుదరవన్నారు. నేనైతే అక్కడే అమ్మను కడిగేసేదాన్ని. సిస్టరు మాత్రం, "అన్నం తప్పించకూడదమ్మా, ఇంకేమన్నా మానుకోగలరా?" అని అడిగింది. అమ్మ చాలాసేపు ఆలోచించి, సీరియళ్ళు మానేస్తానంది. పండగ వెళ్ళేదాకా ఒక్కటీ చూడదట. పిల్లల పేపర్లు దిద్దుకోవాలి, ఆ టీవీ కట్టెయ్యవే తల్లీ అని నేను ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను. ఈ పిల్ల ఒక్కసారి అడిగితే మానేసింది. నాకు ఏడుపొచ్చింది.

స్కూలుకు సెలవు పెట్టేశాను. సిస్టరు వెళ్ళాక అదే స్టూలు మీద కూర్చుని అడిగాను.

"ఉపవాసం దేనికమ్మా?"

మామూలుగా అయితే ఆ వెంటనే ఇంకో నాలుగు మాటలు అనేదాన్ని. ఈసారి పళ్ళు బిగించి ఊరుకున్నాను. అమ్మ దుప్పటి సర్దుకుంది, మంచినీళ్ళు తాగింది, కిటికీలోంచి చూసింది.

"నీ కోపం తగ్గాలని," అంది.

నాకు కోపం వచ్చింది.

"ఈ మాట సిస్టరుకు చెప్పావా?"

"చెప్పా."

"ఏమంది?"

"దేవుడికి చెప్పేముందు మీ అమ్మాయికే ఒకసారి చెప్పి చూడకపోయారా, అంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసిందే."

"తినకపోతే ప్రాణం పోతుందని డాక్టరుగారు అంత గట్టిగా చెబితే వెయ్యలేదా భయం?"

"ఎందుకెయ్యదూ," అంది అమ్మ. "నీ నోటికి భయపడినంత కాదులే."