అద్దంలో చూసి కట్టిన ఈగ

మా తోడికోడలికీ నాకూ పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు సగం బరువు తగ్గుతుంది. ఆమె మా బావగారి భార్య, నాకంటే ముందు ఆ ఇంటికి వచ్చింది, వరసకి అక్క. నోరారా "అక్కా" అనే పిలిచేదాన్ని గానీ ఆ పిలుపులో తీపి ఎంతుందో ఇద్దరికీ తెలుసు. ఒకే వంటగదిలో రెండు ఉప్పు డబ్బాలు పెట్టుకుని బతికేవాళ్ళం. నేను తరిగిన కూరముక్కల్ని ఆమె మళ్ళీ సన్నగా తరిగేది. ఆమె ఆరేసిన బట్టల్ని నేను తీగ చివరికి నెట్టి మావి ఆరేసేదాన్ని. మా అత్తగారు మంచం మీద నుంచే ఈ యుద్ధమంతా చూస్తూ, కాఫీ ఎవరిస్తే ఆ పూటకి వాళ్ళ పక్షం మాట్లాడేది.

ఇల్లు చాలదన్నట్టు పనిలో కూడా ఒకేచోట పడ్డాం. గాలాలకి ఈకలు కట్టి దొంగ ఈగలు తయారుచేసే కార్ఖానా అది. ఎక్కడో చల్లటి ఏటి నీళ్ళలో సరదాకి చేపలు పట్టేవాళ్ళు వాటిని కొనుక్కుంటారు. నీళ్ళమీద నిజం ఈగే వాలిందనుకుని చేప నోరు తెరుస్తుంది. ఆ ఈగ మునగకుండా తేలాలంటే దానికి కోడిపుంజు మెడ ఈక చుట్టాలి. ఈక పోగులు సన్నటి కాళ్ళలా విచ్చుకుని నీళ్ళమీద నిలబడతాయి. చెప్పడానికి ఇంతే. కట్టడానికి కూర్చుంటే తెలుస్తుంది, బియ్యపు గింజంత గాలం మనిషినెలా ఏడిపిస్తుందో.

ఆ పనిలో మా తోడికోడలు దిట్ట. ఈ మాట ఒప్పుకోవడానికి పళ్ళు నూరుకోవాల్సి వస్తోంది, అయినా నిజం నిజమే. మొదట ఆమె ఈకలు ఏరే గదిలో చేరింది. పని అయిపోగానే ఎవరూ పిలవకుండానే కట్టే బల్లల దగ్గరికి వచ్చి, ఒక ముసలి పనివాడి భుజం వెనక నిలబడి చూసేదట. ఆయన కసిరినా కదిలేది కాదట. అలా మొండికేసి నేర్చుకున్న మనిషి. ఈక చుట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేది. అప్పుడెవరైనా పలకరిస్తే మింగేసేలా చూసేది. కిటికీ పక్క బల్ల ఆమెది, ఆమె కత్తెర ఇంకెవరూ ముట్టకూడదు. విచిత్రమేమిటంటే ఆ గదిలో ఆమె నవ్వేది. పక్కవాళ్ళతో హాస్యాలాడేది కూడా. ఇంట్లో ఆమె పళ్ళెలా ఉంటాయో నేను చూసి ఎరగను.

గొడుగు ఈగ కట్టడం ఆమె ఒక్కతికే వచ్చు. మామూలు ఈగకి ఈకను గాలం ఒంటి చుట్టూ చుడతాం. గొడుగు ఈగకి గాలం నడుం మీద తెల్లటి కుచ్చు ఒకటి గుంజలా నిలబెట్టి, ఆ గుంజ చుట్టూ ఈకను అడ్డంగా తిప్పాలి, ఒక చుట్టు కింద ఇంకో చుట్టు వచ్చేలా. పోగులన్నీ గొడుగు విప్పినట్టు పరుచుకుంటాయి. అసలు చిక్కంతా ఆఖర్లో ఉంది. ఈక కొసను ఆ గొడుగు కిందే దారంతో బిగించాలి, పైనున్న పోగు ఒక్కటి కూడా దారంలో ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే ఆ ఈగ నీళ్ళమీద కుంటిదానిలా పక్కకి ఒరుగుతుంది.

ఒకరోజు సూపర్‌వైజరు బల్లల మధ్యకి వచ్చి నిలబడ్డాడు. ఇకమీదట కొనేవాళ్ళకి గొడుగు ఈగలే కావాలట. నెలాఖరున పరీక్ష పెడతాననీ, కట్టలేనివాళ్ళకి కుర్చీ ఉండదనీ చెప్పాడు. తర్వాత మా తోడికోడలి వైపు తిరిగి, "అందరికీ మీరే నేర్పాలమ్మా" అన్నాడు.

ఆమె నేర్పింది. బల్ల బల్లకీ వెళ్ళి, వేళ్ళు పట్టుకుని మరీ నేర్పింది. నా బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగి, అందరికీ వినబడేలా, "మనదేముంది, ఒకే ఇంట్లో ఉంటాం. నీకు ఇంట్లో చెబుతాలే" అంది. ఆ గొంతులో ఒలికిన ప్రేమకి చుట్టుపక్కలవాళ్ళు మురిసిపోయారు. నాకు ఒళ్ళు మండింది.

సాయంత్రం ఇంటికొచ్చాక అడిగాను. "అక్కా, చెబుతానన్నావుగా."

"చెప్పేదేముంది? చూసి నేర్చుకో. నేనలాగే నేర్చుకున్నా."

చూడమంది గదా, చూడనిస్తుందా? మిగిలిన పని ఇంటికి తెచ్చుకుని, తన గదిలో నిలువుటద్దం ఉన్న బల్లకి చిన్న ఇనప పట్టుడు బిగించుకుని, గాలాన్ని దాని దవడల్లో ఇరికించి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేది. వీపంటే మామూలు వీపు కాదు, గోడ. నేను కుడివైపు నుంచి తొంగిచూస్తే మోచెయ్యి అటు జరిగేది. ఎడమవైపుకి వెళ్తే పైట సర్దుకునేది. అప్పుడే నాకు అద్దం కనిపించింది. ఆమె వీపు దాచిన చేతులు రెండూ ఆ అద్దంలో పూసగుచ్చినట్టు కనిపిస్తున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. హాల్లో బట్టలు మడతపెడుతున్నట్టు నటిస్తూ ప్రతి సాయంత్రమూ చూసేదాన్ని. గుంజను ఎలా గట్టిపరుస్తుందో, ఈక కాడని ఎక్కడ ఆనిస్తుందో, ఎటు తిప్పుతుందో, పోగుల్ని ఏ వేలితో పైకెత్తి దారం తోస్తుందో అంతా చూశాను. పనిలో పక్క బల్ల ఆవిడ జాలిపడి, "నేను చూపించనా?" అంటే, "మా అక్క చెబుతోందిలే" అన్నాను. అద్దం ఉండగా ఇంకొకరి కాళ్ళు పట్టుకోవడం దేనికి?

వంటింట్లో పప్పు ఉడికేలోపు ఒక ఈక, బట్టలు నానేలోపు ఒక ఈక చుట్టేదాన్ని. మొదట్లో గుంజ వంగిపోయింది, పోగులు విరిగిపోయాయి, దారం తెగింది. పోనుపోను వేళ్ళకి అదే అలవాటైంది. నెలాఖరుకి కళ్ళు మూసుకుని కూడా చుట్టగలిగాను. గొడుగు చక్కగా విచ్చుకునేది. చూసినకొద్దీ ముచ్చటేసేది.

పరీక్షరోజు సూపర్‌వైజరు నా ఈగని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందన్నట్టు తలాడించాడు. తర్వాత ఈక కొసని గోళ్ళతో పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ముడి విడిన జడలా గొడుగంతా విడిపోయి జారిపోయింది. ఇంకోటి కట్టాను. అదీ జారిపోయింది.

కిటికీ పక్క నుంచి నవ్వు వినబడింది. "అద్దంలో చూసి నేర్చుకుంటే అంతే మరి! అక్కడ కుడి ఇక్కడ ఎడమ!" అంది మా తోడికోడలు.

గదంతా ఒక్కసారి గొల్లుమంది. నాకు తల తీసేసినట్టైంది. ఆమె చేతులు నాకు అద్దంలో కనిపించినప్పుడు, నా కళ్ళు ఆమెకి అదే అద్దంలో కనిపించవా? ప్రతి సాయంత్రమూ ఆమె నన్ను చూస్తూనే ఉంది. నేను తప్పు నేర్చుకుంటున్నానని తెలిసి, తీరిగ్గా, పోగు పోగూ కనిపించేలా చూపిస్తూ కూర్చుంది. అంత పగ పట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సూపర్‌వైజరు గడియారం వంక చూసి, "గంట కొట్టేలోపు ఒక్కటి నిలబెట్టండి. లేకపోతే నేనేం చెయ్యలేను" అని వెళ్ళిపోయాడు.

కూర్చున్నాను. ఈక తిరిగిన వైపే దారం కూడా తిరిగితే ముడి బిగుస్తుంది. నేను ఈకను అద్దంలో చూసినట్టు ఒకవైపు, దారాన్ని పాత అలవాటు కొద్దీ ఇంకోవైపు తిప్పాను కాబట్టి, దారం బిగించిన ప్రతిసారీ ఈక వదులైంది. సరే, ఈకను అటు తిప్పుదామని చూస్తే నా చెయ్యి మాట వినలేదు. నెలరోజులు పట్టిన అలవాటు ఒక గంటలో పోతుందా? రెండు ఈకలు పాడుచేసుకున్నాక కోపం ముంచుకొచ్చింది. ఈక మారనంటే దారమే మారుతుంది అనుకున్నాను. గుంజ కట్టడం దగ్గర్నుంచి మొత్తం దారాన్ని ఎదురు తిప్పడం మొదలుపెట్టాను. ఎదురు తిప్పితే దారం పురి విడిపోయి పల్చబడుతుంది, తెగిపోతుంది. తెగింది. మళ్ళీ కట్టాను. మధ్యమధ్యలో దారపు కండెను వేళ్ళతో గిర్రున తిప్పి పురి ఎక్కిస్తూ వచ్చాను. కొస కిందికి దించి, పోగులు పైకెత్తి, గొడుగు కింద బిగించాను. అప్పటిదాకా నేను కూడా ఊపిరి బిగబట్టే ఉన్నానని ముడి పడ్డాక గాని తెలియలేదు.

సూపర్‌వైజరు లాగాడు. ఈక రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. గాలమే అతని వేలికి గుచ్చుకుంది. గ్లాసు నీళ్ళలో వదిలితే నిటారుగా తేలింది. కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరగా చూసి, "ఇది ఎదురు తిరిగి ఉందేమిటమ్మా?" అన్నాడు.

"చేపకి కుడీ ఎడమా తెలుస్తాయా సార్?" అన్నాను.

గది మళ్ళీ గొల్లుమంది. ఈసారి కిటికీ పక్క మాత్రం ఎవరూ నవ్వలేదు. నా కుర్చీ నాకు దక్కింది.

ఆ సాయంత్రం వంటగదిలో ఆమెను నిలదీశాను. "నేను చూస్తున్నానని నీకు మొదట్నుంచీ తెలుసు. అంత ఇష్టం లేకపోతే లేచి తలుపేసుకోవచ్చుగా?"

ఆమె గిన్నె తోముతూ తల కూడా తిప్పలేదు. "తలుపేస్తే ఇంకెవరి దగ్గరో నేర్చుకునేదానివి. సరిగ్గా."

"నేనేం పాపం చేశాను నీకు? నా కుర్చీ పోతే నీకేం వస్తుంది?"

అప్పుడు తిరిగింది. చేతుల నిండా సబ్బు నురగ, కళ్ళలో నీళ్ళు. ఏడుపు కాదు, కోపంతో వచ్చినవే. "పొద్దున లేస్తే నీ మొహం. పొయ్యి దగ్గర నువ్వు, బట్టల తీగ దగ్గర నువ్వు, అత్తయ్య మంచం పక్కన నువ్వు. నేను గొంతు విప్పి నవ్వే చోటు ఈ లోకంలో అదొక్కటే ఉంది. అక్కడికీ వచ్చి కూర్చున్నావు. పోతే బాగుండనుకున్నాను. తప్పా?"

తప్పే. గట్టిగా అరిచి చెప్పాలనుకున్నాను. కానీ ఈ ఇంటి నుంచి, ఈ వంటగది నుంచి తప్పించుకోవడానికే కదా నేనూ ఆ కార్ఖానాలో చేరింది! ఆ మాట చెబితే ఆమె నమ్మేదేమో. నేను చెప్పలేదు. ఆమె మీద నా కోపం అణువంత కూడా తగ్గలేదు, కానీ ఆ పూట దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె తోమిన గిన్నెల్ని తుడిచి బోర్లించాను.

మర్నాడు పొద్దున ఇద్దరం ఒకే బస్సెక్కాం. ఆమె ముందు తలుపు, నేను వెనక తలుపు.