లాంప్ రూంలో విప్పిన లైట్లు

మా ఆయన చేయి వణకడం మొదలైనప్పుడు ఆయనకు ముప్ఫై నాలుగేళ్ళు. గోదావరిఖనిలో బాయి పని, అంటే బొగ్గు గనిలో. పొద్దున చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. వాడకట్టు వాళ్ళంతా తాగుడన్నారు. నేనేం తక్కువ తినలేదు, డ్యూటీ నుంచి రాగానే దగ్గరికెళ్ళి నోరు వాసన చూసేదాన్ని.

హైదరాబాదు పెద్ద దవాఖానలో డాక్టరు అది పార్కిన్సన్ జబ్బు అన్నాడు. ముసలివాళ్ళకు రావలసింది ఈయనకు ముందే వచ్చిందట. అప్పట్లో కొత్తగా వచ్చిన గోలీలు రాసిచ్చాడు. కొన్నాళ్ళకే చేయి నిలిచింది. ఆయన తన గుండీలు తానే పెట్టుకున్న రోజు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

కంపెనీ ఆయనను బాయిలోకి దింపకుండా పైన లాంప్ రూంలో వేసింది. దిగేవాళ్ళు నెత్తిన పెట్టుకునే లైట్లకు చార్జింగు పెట్టి, షిఫ్టుకు ముందు కిటికీలోంచి అందించే పని. ఉద్యోగం ఉంది కాబట్టి క్వార్టరూ ఉంది. రెండు గదులు, పెరట్లో మాకంటూ ఒక నల్లా. అంతకుముందు ఏడేళ్ళు వీధి నల్లా దగ్గర బిందె కోసం కొట్లాడినదాన్ని, దాని విలువ నాకు తెలుసు.

ఆ తర్వాత విప్పడం మొదలైంది. ముందు అలారం గడియారం. తర్వాత సైకిలు. ఒకనాడు బియ్యం కడిగి వచ్చేసరికి కిరసనాయిలు స్టవ్వు పేపరు మీద ముక్కలు ముక్కలుగా ఉంది. మరలు చిన్నవీ పెద్దవీ వరుసగా పేర్చాడు. మళ్ళీ బిగించడు.

“ఏం చేస్తున్నవయ్యా?”

“చూస్తున్ననే. జర ఆగు.”

ఆ జర పొద్దుగూకేదాకా సాగేది. అన్నానికి లేవడు. పక్కింటి కాక రేడియో బాగుచేయమని ఇస్తే అదీ మిగలలేదు. “పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టున్నది నీ కథ” అని నలుగురిలో దులిపేశాను. ఆయన తల వంచుకున్నాడు. చేతులు మాత్రం ఆగలేదు.

ఆరు నెలలకు మళ్ళీ హైదరాబాదు పోయాం. డాక్టరు నన్నే అడిగాడు: “మనిషిలో ఏమైనా మార్పు కనిపించిందామ్మా?”

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఈ విప్పడం గోలీలు మొదలయ్యాకే వచ్చిందని చెబితే వాటిని ఆపేస్తారు, చేయి మళ్ళీ వణుకుతుంది, పనికి అన్‌ఫిట్ అని ఉద్యోగంలోంచి తీసేస్తారు, క్వార్టరు పోతుంది. నా బుర్ర చురుకైనదే, అన్నీ ఒక్క నిమిషంలో తోచాయి.

“ఏం లేదు సారూ. మంచిగున్నడు” అన్నాను.

తర్వాత రెండు నెలలు కూడా నిండలేదు. ఒకరోజు మధ్యాహ్నం రెండో షిఫ్టు వాళ్ళు కిటికీ ముందు లైన్లో నిలబడ్డారు. లోపల ఒక వరుస లైట్లన్నీ విప్పి ఉన్నాయి. అద్దాలు ఒక దగ్గర, బల్బులు ఒక దగ్గర. ఈయన వాటి మధ్య కూర్చొని ఇంకొకటి విప్పుతున్నాడు. పిలిస్తే పలకలేదట. బాయిలో ఆ లైటే మనిషికి కండ్లు. ఎవరికీ ఏం కాలేదు, షిఫ్టు ఆలస్యమైంది. ఆ నెలలోనే ఆయన్ని అన్‌ఫిట్ చేశారు.

ఈసారి డాక్టరుకు అంతా చెప్పాను. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. “ఈ మందు మోతాదు ఎక్కువైతే కొందరికి ఇలా అవుతుంది. ఆపనవసరం లేదు, తగ్గిస్తే సరిపోయేది. అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. తగ్గించాక మూడు వారాల్లో ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు. చేయి కొద్దిగా వణికేది, అంతే. కానీ అప్పటికి మేం క్వార్టరు ఖాళీ చేశాం.

డాక్టరుకు అంతా చెప్పిన రోజు రైల్లో తిరిగి వస్తుంటే ఆయన మెల్లగా అన్నాడు. “నాకే తెల్వకుంట చేతులు వాటి మీదికి పోతుండె. చెప్పుకోను సిగ్గయింది. నువ్వన్న చెప్తవని నీ దిక్కు చూసిన.”

“చెప్పొద్దని చూస్తున్నవనుకున్న” అన్నాను. పచ్చి అబద్ధం.

“అట్లనా” అన్నాడు. నా చేతి మీద చేయి వేశాడు. “పోనియ్యే. నీదేం తప్పు లేదు.”

తప్పంతా నాదేనని చెప్పబోయాను. పల్లీలు తింటావా అని అడిగాను.