ఈశాన్యపు సంపు

ఆ సంగతి నాకు మొదట చెప్పింది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టే ఆపా. అక్కా అన్నట్టే అందరం ఆమెను ఆపా అంటాం. కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి పైకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, కింద వాచ్‌మన్ పెండ్లాన్ని ఖాళీ చెయ్యమంటున్రు. గోడ తడుస్తుందంట, ఆమెనే తడుపుతుందంట. జర మీరన్నా అడుగుండ్రి."

నేను అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చాను. పొద్దున్నే నాకో అలవాటు ఉంది. నల్లాలో నీళ్లు వచ్చినందుకు, పాలు విరగనందుకు, బాల్కనీలోకి కాస్త ఎండ పడినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను. నేను బడికి పోలేదు. అక్షరాలు, లెక్కలు, పురాణం అన్నీ నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నేర్పినవే. దండం పెట్టడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆ పొద్దున మాత్రం పెట్టిన దండం సగంలో ఆగిపోయినట్టయింది. చేతిలో జాకెట్టు అలాగే పట్టుకుని కిందికి దిగాను.

మాది అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వెళ్లే రోడ్డు వెనక సందులో పాత అపార్ట్‌మెంట్. సెల్లార్ భూమిలోపలికి ఉంటుంది. బండ్లు పెట్టగా మిగిలిన మూలన వాచ్‌మన్ కుటుంబానికి ఒక గది. ఆ గది వెనక గోడకు అవతల మట్టి, మట్టిలో మా నీళ్ల సంపు. అది మొదటి నుంచీ అక్కడ లేదు. గేటు పక్కన ఉండేది, బాగానే ఉండేది. ఎవరో వాస్తు చూసే పెద్దమనిషి వచ్చి, నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలన్నాడట. మా సంఘం ప్రెసిడెంట్ గారు ఆ మాట పట్టుకుని పాత సంపు పూడ్పించి, ఈశాన్యం మూలన ఆ గది గోడకు ఆనించి కొత్తది తవ్వించారు. ఆ తర్వాతే గోడకు చెమ్మ మొదలైంది.

గదిలోకి వెళ్లి చూశాను. గోడకు ఎప్పుడో టైల్స్ అంటించారు. చెమ్మ కనపడకుండా చేయడానికి అదొక వైద్యం. టైల్స్ సందుల్లోంచి తెల్లగా ఉప్పు పొంగి ఉంది. పైన సున్నం ఉబ్బి పెచ్చులు రాలుతోంది. వాళ్ల కూతురి స్కూలు బట్టలు తాడు మీద ఆరక, బూజు వాసన వేస్తున్నాయి. వాచ్‌మన్ భార్య పాలమూరు వైపు పిల్ల. ముఖం మాడ్చుకుని నిలబడి ఉంది.

"నువ్వు ఇక్కడ బట్టలు ఉతుకుతున్నావా అమ్మా?" అని అడిగాను.

"డాబా మీద ఉతుకుతనమ్మా. గిన్నెలు బయట నల్లా కాడ తోముత. ఈడ నీళ్లేడివి? తాగే బిందె ఒక్కటే ఉన్నది. గా బిందె గోడకు తాపుతున్ననా నేను?"

ఆ ఆదివారం సెల్లార్‌లోనే మీటింగ్ పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, టీ కప్పులు. ప్రెసిడెంట్ గారు కోస్తా వైపు మనిషి, రిటైరైన ఆఫీసరు. మాట మెత్తగా, తేనె పూసినట్టు ఉంటుంది.

"ఏంటండీ ఇది, ఎన్నిసార్లని వాటర్ ప్రూఫింగ్ చేయిస్తాం? ఆవిడ లోపల నీళ్లు వాడకం తగ్గించదు. కుటుంబాలు ఉంటే ఇంతేనండి. ఒంటరి మనిషిని పెట్టుకుంటే గొడవే ఉండదు."

అందరూ తలలు ఊపారు. ఆమె చేత గిన్నెలు తోమించుకునే ఇళ్ల వాళ్లు కూడా ఊపారు. ఆమె స్తంభం పక్కన నిలబడి వింటోంది. ఆమెకు ఒక కుర్చీ చూపించిన వాళ్లు లేరు.

నాకు కోపం తక్కువ. వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ రోజు మాత్రం లేచి అన్నాను:

"సంపు ఖాళీ చేయించండి. కొన్నాళ్లు ట్యాంకరు తెప్పించి పై ట్యాంకులో పోయిద్దాం. అప్పుడు కూడా గోడ తడిస్తే ఆవిడే తడిపినట్టు. ఆరితే సంపే తడిపినట్టు."

ప్రెసిడెంట్ గారు చిన్నపిల్లను చూసినట్టు నన్ను చూసి నవ్వారు.

"అమ్మా, ఈశాన్యంలో నీరు ఎండకూడదండి. ఇంట్లో ఉన్న అందరికీ అరిష్టం. రోజూ పూజ చేసుకునే మీరే ఇలా అంటే ఎలా?"

మా ఆయన నా కొంగు లాగి, "కూర్చోవే" అన్నారు. కూర్చోలేదు. నా పూజను తీసి ఆ పిల్ల నెత్తిన కొడతారా అనిపించింది. మెట్లెక్కి ఇంట్లోకి పోయాను. అత్తగారి ఇత్తడి బిందె నిండా నీళ్లు పట్టాను. పసుపు రాసి బొట్టు పెట్టి, మోయలేక మోస్తూ తెచ్చి, ర్యాంపు పక్కనే అందరికీ కనపడే సంపు మూత మీద దబ్బున పెట్టాను. సగం నీళ్లు నా చీర మీదే ఒలికాయి.

"ఈశాన్యంలో నీళ్లు ఉండాలి, అంతేనా? ఇవిగో ఉన్నాయి. రోజూ నేనే మారుస్తాను. ఇప్పుడు ఖాళీ చేయించండి."

మిషన్ దగ్గరి నుంచి ఆపా గొంతు వినిపించింది.

"ఇంకేం ఫికర్ సార్, గంగమ్మనే వచ్చి కూసున్నది!"

అందరూ నవ్వారు. ప్రెసిడెంట్ గారు నవ్వలేదు, కానీ సంపు తోడించడానికి ఒప్పుకున్నారు. శాస్త్రం తెచ్చింది ఆయనే.

సంపు తోడించారు. అడుగున చూస్తే, పైపు లోపలికి తెచ్చిన చోట సంపు గోడకు చేసిన కన్నం సరిగ్గా పూడ్చనేలేదు. చుట్టూ చేయి దూరేంత ఖాళీ. మా గోడకు నీళ్లు పోసేది ఆ కన్నమే. మేస్త్రీ దాన్ని పూడ్చి, సంపు లోపల అంతా సిమెంటు గిలాబు చేశాడు. గదిలో టైల్స్ పీకేశారు. ఎండలు కూడా కలిసొచ్చి గోడ మెల్లమెల్లగా ఆరింది. దేవుడికి దండం పెట్టుకున్నాను.

అయితే అప్పటికే వాళ్లు వెళ్లిపోయారు. సంపు తోడుతున్న రోజే వాచ్‌మన్ సనత్‌నగర్‌లో ఏదో ఫ్యాక్టరీ దగ్గర పని, ఒక గది చూసుకుని వచ్చాడు. ఆగమని బతిమాలాను. ఆమె మూటలు కడుతూనే అంది.

"ఇజ్జత్ లేని కాడ గోడ ఆరితేంది, ఆరకపోతేందమ్మా. అందరి ముంగట అన్నరు గద."

గోడ ఆరిన వారమే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రెసిడెంట్ గారు పెట్టిన సందేశం చూశాను. సెల్లార్ సీపేజ్ సమస్య దైవానుగ్రహంతో పరిష్కారమైందట. సహకరించిన సభ్యులందరికీ ధన్యవాదాలట. కింద దండాల బొమ్మలు, పూల బొమ్మలు. ధన్యవాదాలు అన్న మాట నాకెంతో ఇష్టం. దాన్ని చూసి ఒళ్లు మండింది నాకు జీవితంలో అదే మొదటిసారి. ఫోన్ చేశాను.

"ఆమె తప్పు లేదని ఒక్క ముక్క రాయండి గ్రూపులో."

"వెళ్లిపోయారు కదమ్మా, ఇంకెందుకండి తవ్వుకోవడం? కొత్తవాడు వస్తున్నాడు. ఒంటరి మనిషి. మీరు మాత్రం ఆ బిందె అక్కడే ఉంచండి, బాగుంది."

ఫోన్ పెట్టేసి, కిందికి వెళ్లి, బిందె ఎత్తి తెచ్చేశాను.

తర్వాత సనత్‌నగర్ వెళ్లాను. రేకుల గది, కానీ పొడిగా ఉంది. కూతురి బట్టలు ఎండలో ఆరుతున్నాయి. ఆమె నాకు చాయ్ పెట్టింది. సంపులో కన్నం దొరికిందని, తప్పు తనది కాదని చెప్పాను. ఏదో పెద్ద కానుక తెచ్చి ఇస్తున్నట్టు చెప్పాను.

"నాది కాదని నాకెర్కనే గదమ్మా," అంది. గ్లాసు నా చేతికిచ్చి, నా ముఖంలోకి చూసింది. "వాళ్లకు జెప్పిన్రా?"

చెప్పాను. వెనక్కి వచ్చి ఇంటింటికీ తిరిగి చెప్పాను. కొందరు "అవునా పాపం" అన్నారు. ఒకావిడ, "అయినా గదిలో ఎంతో కొంత నీళ్లు వాడే ఉంటుందిలెండి" అంది. ఆ గుమ్మం దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, ఉడుకుమోత్తనం. ఇప్పటికీ అది చల్లారలేదు. చల్లార్చమని దేవుణ్ని అడగలేదు కూడా.

మా వాళ్లు వినలేదు కనుక మీకు చెబుతున్నాను. ఆమె పేరు ఇక్కడ రాయను, తను అడగలేదు. మీరు సంధ్యాదీపం పెట్టేవాళ్లయితే, నమాజు చదివేవాళ్లయితే, ఏదీ చేయకపోయినా సరే, ఒక్కసారి ఆ పాలమూరు పిల్లను తలుచుకోండి. ఆ గోడను తడిపింది ఆమె కాదని గుర్తుపెట్టుకోండి.