ఎలుగు మాట కనుక్కున్నావేటి?

పలాసలో నేను నడిపే ఆన్‌లైన్ వార్తల పేజీకి ఒక రిటైరైన జువాలజీ మేష్టారు రాసేవారు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు ఏ వేళ తిరుగుతాయో, ఏం తింటాయో ఏళ్ళ తరబడి చూసి రాసుకున్నదంతా ఊరికే పంపేవారు. నేను దాని మీద ‘ఎలుగు బీభత్సం’ అని హెడ్డింగ్ పెట్టేవాణ్ణి. లేకపోతే ఎవడు చదువుతాడు? పెట్టిన పది నిమిషాలకి మేష్టారి ఫోనొచ్చేది. ఎప్పుడూ అదే ప్రశ్న.

“బాబూ, ఎలుగు మాట కనుక్కున్నావేటి?”

“అది చెప్పదు కదండీ.”

“సెప్పలేనోళ్ళ మీద ఏటైనా రాసెయ్యొచ్చన్నమాట.”

తిక్క మనిషి అనుకునేవాణ్ణి. కిందటేడు కవిటి దగ్గర తోటలో ఎలుగు ఆయన కుడిచెయ్యి చీరేసింది. ‘మేష్టారిపై ఎలుగు దాడి’ అని వెంటనే వేశాను. కింద కామెంట్లలో కర్రలు పట్టుకుని రమ్మని పిలుపులు మొదలయ్యాయి. ఆస్పత్రి మంచం మీంచి ఫోను.

“దాడి అన్నది కొట్టెయ్యి బాబూ. దానికీ దాని పిల్లకీ మజ్జిన నేనే ఎళ్ళినాను.”

“మరేం రాయమంటారు?”

“తల్లి ఎలుగుకి అడ్డెళ్ళిన మేష్టారు.”

అలాగే మార్చాను. కర్రలు ఆగాయి. ఆ చేత్తో మేష్టారు మళ్ళీ రాయలేకపోయారు. ఎలుగు నుంచి మాత్రం ఇంతవరకూ అభ్యంతరమేదీ రాలేదు.