నెంబరులో పసుపు

విజయవాడ నుంచి పామర్రు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ కుడి పిడికిలి విప్పలేదు. "ఎడమచెయ్యి, ఏమనుకోకు నాయనా" అంటూ కండక్టరుకి డబ్బులిచ్చింది.

"చేతికేమైంది మామ్మగారూ?" అన్నాను.

"గుణదల షెడ్డులో ఓ పాతకాలం కారుంది. మా ఆయన బతికుండగా డ్రైవరుగా నడిపింది అదేనేమోనని చూడ్డానికెళ్లా. రంగు మార్చేశారు, ఇంజనూ మార్చేశారు. ఫ్యాక్టరీ వాళ్లు లోపల కొట్టిన నెంబరు తడిమి చూశా. పైన మరకలు పడితే ఓనరుగారు ఊరుకోరని, దసరాకి మా ఆయన ఆ నెంబరు మీదే పసుపు పెట్టేవారు. అంకెల సందుల్లో ఇంకా ఉంది బాబూ."

పిడికిలి విప్పింది. వేలి కొసన గ్రీజు, అందులో కాస్త పసుపు. మళ్లీ మూసేసుకుంది.

ఇప్పటికీ దసరాకి నా స్కూటరు మీద ఫ్యాక్టరీ వాళ్లు కొట్టిన నెంబరు దగ్గర వంగుతాను. రేపు దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లెవరూ లేరు. అయినా పసుపు గట్టిగానే అద్దుతాను.