ఓబులమ్మ విప్పిన టోపీలు

ఓబులమ్మకు ఒకటే అలవాటు: అల్లినదాన్ని విప్పేయడం. అందుకే కుందుర్పి అల్లిక కేంద్రంలో ఆమెకు ‘మొద్దు’ అని పేరు పడింది. చిన్నప్పటి నుంచి కంబళ్ళకు ఉన్ని వడికిన మనిషిని, అల్లిక నేర్పే జయంతి మేడమ్ వెనక వరుసలో, తలుపులోంచి ఎండ కొట్టే చోట కూర్చోబెట్టింది. ఓబులమ్మ అక్కడే చాప సర్దుకుంది.

అది రెండువేల రెండు. వాన గురించి మాట్లాడుకోవడం కూడా మానేశాం. ఊళ్ళో సగం మంది బెంగళూరు బిల్డింగు పనులకు పోయారు. మిగిలిన ఆడవాళ్ళకు ఇంటి దగ్గరే పని దొరకాలని, మీటింగుల్లో అలసిపోయిన మా కూలీల సంఘం వాళ్ళం ఈ కేంద్రం పెట్టించాం. ఉగాదిలోపు టోపీ అల్లితే పని, లేకపోతే బెంగళూరు బస్సు. ఓబులమ్మ పక్కనే చంటిపిల్లతో కూర్చునే మల్లీశ్వరికి ఆ బస్సు ఖాయమని అందరం అనుకున్నాం.

టోపీని గుండ్రంగా అల్లాలి. అందుకు రెండు సూదులు. ఒక్కో సూదికి రెండు కొనలు, నడుమ మెత్తటి తీగ. కుట్లు సగం ఈ సూది మీద, సగం ఆ సూది మీద. ఏ సూది కుట్లను ఆ సూది రెండో కొనతోనే అల్లాలి. పొరపాటున పక్క సూది అందుకుంటే కుట్లన్నీ దానికే చేరిపోతాయి.

“మేడమ్, నా కుట్లన్నీ ఒక సూదికే పోయినాయి.”

“మళ్ళీనా ఓబులమ్మా?”

“ఏం చేద్దాం మేడమ్. ఉన్నోని ఇంటికే అన్నీ పోతాండాయి. సూదికి మాత్రం న్యాయం తెలుస్తాదా?”

మేడమ్ నిట్టూర్చి అందరికీ మొదటి నుంచి చూపించింది.

మర్నాడు ఓబులమ్మ చుట్టులో సగం దాకా అల్లి, అక్కడి నుంచి వెనక్కి అల్లుకొచ్చింది. టోపీకి బదులు పట్టీ తయారైంది.

“మా కంబళ్ళ నేతలో అంచుకాడికి పోతే వెనక్కి రావల్ల మేడమ్. చెయ్యి ఆడనే తిరిగింది.”

“తల గుండ్రంగా ఉంటుంది ఓబులమ్మా.”

“మా ఆయప్ప తలకాయ నువ్వు చూళ్ళేదులే.”

మళ్ళీ విప్పింది. మళ్ళీ మొదటి నుంచి పాఠం.

ఒక మధ్యాహ్నం నేను కేంద్రానికి వెళ్ళేసరికి మేడమ్ భోజనానికి పోయింది. ఓబులమ్మ మేకల గురించి ముందు వరుసామెతో వాదులాడుతూ, చేతులవైపు చూడకుండానే టోపీ అల్లేస్తోంది. ఒక్క కుట్టు జారలేదు. బయట మేడమ్ చెప్పుల చప్పుడు కాగానే సర్రున దారం లాగేసింది.

“ఇంత బాగా అల్లి, ఎందుకు విప్పినావమ్మా?” అన్నాను.

“మెల్లిగా మాట్లాడప్పా.” గడ్డంతో మల్లీశ్వరిని చూపింది. “ఆ పిల్లకు అర్థం కాలేదని అడగాలంటే సిగ్గు. ఒకసారి కసిరితే రేపు రాదు. నాకైతే తిట్లు అరుగుతాయి. నాకు చెప్తాంటే ఆ పిల్ల ఇంగోసారి ఇంటాది.”

“నీ పేరు కొట్టేస్తే?”

“కొట్టేలోపల అల్లేస్తాలే. చూసినావు కదా.”

ఉగాది ముందు మల్లీశ్వరి టోపీ ముగించింది. కాస్త ఒక చెవివైపు వాలింది గానీ గుండ్రంగానే ఉంది. ఇంటి దగ్గరే అల్లమని ఆమెకు ఉన్ని ఇచ్చి పంపారు, బెంగళూరు బస్సు తప్పింది. అదే రోజు ఓబులమ్మ కూడా టోపీ చూపింది.

“ఇన్నాళ్ళకు వచ్చిందే నీకు” అంది మేడమ్.

“అంతా నీ దయ మేడమ్” అంది ఓబులమ్మ, నవ్వకుండా.

చదివేవాళ్ళకు ఒక మనవి. కరువు ఉన్నన్నాళ్ళూ ఇలాంటి కేంద్రాలు తెరుస్తూనే ఉంటారు, పని రానివాళ్ళ పేర్లు కొట్టేస్తూనే ఉంటారు. నిలదీసి నిలదీసి నా గొంతు పోయింది. మీ ఊళ్ళో ఒకటుంటే వెళ్ళి కూర్చోండి. పక్కమనిషి నోరు విప్పలేకపోతే మీరే చెయ్యెత్తండి: “నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి.”