సూదిలో దారం ఎక్కితేనే బండి కదిలేది

లోకంలో ఉన్న దొంగలంతా ఒకచోట సభ పెట్టుకుని, మా తాతయ్య బతికున్నంతకాలం మా ఇంటి ఛాయలకు కూడా పోకూడదని తీర్మానం చేశారు. పిడుగు సైతం మా మిద్దె మీదికొచ్చేసరికి కాస్త ఆలోచించుకుని పక్కవీధికి పోతుంది. నమ్మకపోతే మీ ఇష్టం. మా తాతయ్యా ఎవర్నీ నమ్మడు.

ఆయన జీవితమంతా లారీ నడిపాడు. స్టీరింగు వదిలిపెట్టాడు గాని అనుమానాన్ని వదల్లేదు. పాలవాడు ముందొస్తే ఎందుకంత తొందరని అనుమానం, ఆలస్యమైతే ఎక్కడ ఆగాడని అనుమానం. గ్యాస్ కట్టేశానని అమ్మమ్మ చెప్పాక కూడా వంటింట్లోకి వెళ్లి ముక్కు ఎగబీల్చి వస్తాడు. పడుకోబోయే ముందు వీధి తలుపు గడియ మీద స్టీలు గ్లాసు బోర్లిస్తాడు. ఎవడైనా తలుపు తోస్తే గ్లాసు ఖంగున పడి ఇల్లంతా లేవాలని ఆయన ఏర్పాటు. ఆ గ్లాసు ఇంతవరకూ ఒక్క దొంగనీ పట్టలేదు గాని, మా మామయ్య కాలి బొటనవేలిని మాత్రం చాలాసార్లు పట్టింది.

అన్నిటినీ మించినది సూది పరీక్ష. లారీ రోజుల్లో చిరిగిన టార్పాలిన్లు కుట్టుకుంటూ ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. నిద్ర ముంచుకొస్తున్నవాడికి సూదిలో దారం ఎక్కదు. అప్పటినుంచి మావాళ్లు ఏ బండి ఎక్కాలన్నా, దాన్ని నడిపేవాడు ముందుగా అమ్మమ్మ కుట్టుసూదిలో దారం ఎక్కించి చూపించాలి. ఒక డ్రైవరు నేనేమన్నా దర్జీనా అని అలిగి, ఖాళీ బండితో వెనక్కి పోయాడు. ఆవేళ అందరం నడిచి వెళ్లాం.

ఈసారి మాత్రం నడిచి వెళ్లే పని కాదు. కొండ అవతల ఊళ్లో పిన్ని ప్రసవించింది. తల్లినీ చంటిదాన్నీ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకోవాలి. దారి పొడుగునా మలుపులు, ఒకపక్క లోయ. ఆ దారిలో చంటిపిల్లతో అంటే భయంగా ఉందని తాతయ్య అమ్మమ్మతో అన్నాడట. ఇది అమ్మమ్మ చెబితే తెలిసింది. ఆయన్ని అడిగితే ఛస్తే ఒప్పుకోడు.

అద్దె కారుతో వచ్చినవాడు నడివయసు మనిషి. దువ్విన తల, నవ్వు మొహం. తాతయ్యకు నచ్చనిది ఆ నవ్వే. పొద్దున్నే అంత నవ్వాల్సిన అవసరం ఏమొచ్చిందో ఆయనకు అంతుపట్టలేదు. టైర్ల గాట్లలో వేలు పెట్టి చూశాడు. బ్రేకు తొక్కి చూశాడు. ఏదో గుట్టు చెప్పేవాడిలా దగ్గరికి జరిగి నోటి వాసన కూడా చూశాడు. యాలకుల వాసన వచ్చింది. ఏ వాసన దాచడానికి యాలకులు నమిలాడోనని ఇంకో అనుమానం పుట్టింది.

సూది ఇస్తే డ్రైవరు ఒక్క ఊపులో దారం ఎక్కించేశాడు. తాతయ్య మొహం ఇంకా ముడుచుకుంది. పరీక్ష సంగతి ఎవరో ముందే చేరవేశారు, వీడు రాత్రంతా ఇంట్లో కూర్చుని సాధన చేశాడు, అంటే నిద్రపోలేదు అని తేల్చాడు. అమ్మమ్మ ఆయన్ని చెయ్యి పట్టి ముందు సీట్లో కూలేసింది.

దారిలో డ్రైవరు మాటవరసకు ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగాడు. ముగ్గురు వస్తాదులున్నారని తాతయ్య చెప్పాడు. ఉన్నది గురక పెట్టే మామయ్య ఒక్కడే.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పిన్ని చంటిదాన్ని తువ్వాల్లో చుట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. డ్రైవరు తలుపు తెరుస్తూ ఆవులించాడు. పొద్దుటినుంచీ దానికోసమే కాచుక్కూర్చున్నవాడిలా తాతయ్య చెయ్యి చాచాడు.

“తాళం ఇలా తే. నేను నడుపుతా. నా మనవరాలిని నీ ఆవులింతకు అప్పగించలేను.”

డ్రైవరు తాళం ఇచ్చేశాడు. అమ్మమ్మ సంచీలోంచి సూదీ దారం తీసింది.

“ఏమండీ, మీకు మాత్రం వేరే చట్టమా?”

తాతయ్య సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. దారం ఒకసారి బెజ్జానికి ఇటుపోయింది, ఒకసారి అటుపోయింది. కొస తడిపాడు, నులిమాడు. దారానికి పీచు లేచిందన్నాడు. ఎండ కళ్లలో కొడుతోందని చెట్టు నీడకు వెళ్లాడు. అక్కడ చీకటిగా ఉందన్నాడు. పిన్ని చంటిదాన్ని కాస్త దగ్గరికి హత్తుకుంది. అది ఆయన చూశాడు. సూది అమ్మమ్మకు ఇచ్చేసి, తాళం తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టాడు. మొహం మాత్రం ఎటో పెట్టుకున్నాడు.

డ్రైవరు తాళం జేబులో వేసుకుని, ఎవరూ అడక్కుండానే సూది తీసుకున్నాడు. ఒకసారి గురి చూశాడు. ఎక్కలేదు. ఇంకోసారి చూశాడు.

“నాకూ ఎక్కట్లేదు పెద్దాయనా. తిన్నాక కళ్లు బరువెక్కాయి. కాసేపు కునుకు తీస్తా. ఆగలేమంటే ఇంకో బండి చూసుకోండి, నేనేం అనుకోను.”

తాతయ్య ఆ మనిషిని కిందినుంచి పైదాకా చూశాడు. ఎక్కలేదని తనంతట తానే చెప్పిన డ్రైవరు ఆయనకు అంతవరకూ తగల్లేదు. చెట్టు కింద తన కండువా పరిచాడు. డ్రైవరు పడుకున్నంతసేపూ పక్కనే నిలబడి కాపలా కాశాడు. ఆసుపత్రి ముందు హారన్ కొట్టబోయిన ఆటోవాళ్లందరికీ కళ్లతోనే వాత పెట్టాడు. ఈగ వాలితే తోలాడు. నిజంగా నిద్రపోతున్నాడా నటిస్తున్నాడా అని మధ్యలో ఒకసారి వంగి చూశాడనుకోండి, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

డ్రైవరు లేచి మొహం కడుక్కుని దారం ఎక్కించాడు. కారు కొండ దిగింది. మా వీధి మలుపు తిరిగాక తాతయ్య, ఇంట్లో వస్తాదులెవరూ లేరని, ఉన్నది గురక పెట్టే కొడుకొక్కడేనని, వాడు ఇంట్లో ఉన్నా లేనట్టేనని డ్రైవరుతో మెల్లగా చెప్పాడు. తాతయ్య బయటివాడికి ఇంటి గుట్టు చెప్పడం మావాళ్లెవరూ అంతకుముందు ఎరగరు.

ఇదంతా నేను రాసి చదివి వినిపిస్తే తాతయ్య కళ్లు మూసుకుని విన్నాడు. లేచి వెళ్లి, అమ్మమ్మ కుట్టుపెట్టెలోంచి సూదీ దారం తెచ్చి నా కాగితాల మీద పెట్టాడు.

“నిద్రమత్తులో రాసినట్టుంది. ముందు ఇది ఎక్కించు, తర్వాత నా గురించి రాద్దువు గాని.”